ఒళ్ళో రొట్టె పిండి

కెనడా, సస్కాచెవాన్‌లో ఒక చిన్న ఊరు. మే నెల మధ్యాహ్నం. బోయ్కో వాళ్ళ వంటిల్లు.

"...ఆ కట్టు కాలు ముక్కాలిపీట మీద పెట్టు. ఊఁ, అలా. ఇంక కదలకు. ఇదిగో స్లావ్కా, దీన్ని ఒళ్ళో పట్టుకో."

"ఏంటమ్మా ఇది?"

"రొట్టె పిండి. ఏం, ఎప్పుడూ చూళ్ళేదా? పొంగాలి. మంచి కాలు వైపు పెట్టుకో."

"అబ్బా! ఇంత బరువుందేంటి?"

"ఆరింటికి ఊరంతా నిన్ను చూడ్డానికి ఐస్ హాకీ రింకుకొస్తోంది. మూడు జడ రొట్టెల పిండి. బరువుండక దూదిలా ఉంటుందా? రెండు చేతులూ వెయ్యి. తువ్వాలు మాత్రం విప్పకు, గాలి తగిలితే పొంగదు."

"ఎప్పట్లాగా పొయ్యి పక్కన పెట్టొచ్చుగా."

"పొయ్యి మీద క్యాబేజీ పొట్లాలు, పొయ్యి పక్కన మీ నాన్న తడి బూట్లు. మే నెలలో మంచు కురిస్తే నేనేం చెయ్యను? మీ నాయనమ్మ పిండిగిన్నెని దుప్పట్లో పెట్టుకుని పడుకునేది. ఒంటి వేడికి పొంగిన రొట్టె రుచే వేరు."

"పాపం, తాతకి చలెయ్యదూ?"

"తాతకి దుప్పటెందుకు, సారా ఉండేది."

"సరేగానీ అమ్మా, ఆరింటికి రింకులో..."

"మెల్లిగా! పిండి పొంగేటప్పుడు ఇంట్లో గొంతు లేవకూడదు."

"మెల్లిగానే అంటున్నా."

"తలుపులు దబదబా వెయ్యకూడదు, తిట్టుకోకూడదు, లేచి తిరక్కూడదు. పిండి జడుసుకుని చతికిలబడుతుంది. నీ పదమూడో ఏట తమ్ముణ్ణి స్టిక్కుతో ఒకటిచ్చావు, వాడు కెవ్వుమన్నాడు. ఆ ఈస్టరుకి ఇంటిల్లిపాదీ ఇటుకలు తిన్నాం."

"వాడు నా స్కేట్లు తొడుక్కుని సిమెంటు మీద నడిచాడమ్మా!"

"గొంతు, గొంతు. ఇప్పుడు చెప్పు. ఆరింటికి ఏంటి?"

"మా జట్టు గెలిచిన కప్పు నేను ఎత్తను. ముట్టుకోను కూడా. ముందుగదిలో నీ పిరోగీ కుడుములు తింటున్నారే పెల్టియర్ గారు, ఆయనే ఎత్తి చూపిస్తారు. కప్పుకి కాపలా మనిషిని, తెల్ల గ్లవుజులతో సహా, పంపిందెందుకు మరి?"

"ఎత్తవా?"

"ఎత్తను."

"దేశానికి మూడు పతకాలు తెచ్చావు. ఈ ఒక్క కప్పు రాలేదని ఏడేళ్ళు నా కొంగు తడిపావు. ఆటగత్తెలు తలా ఒక రోజు ఇంటికి తీసుకెళ్ళొచ్చని వాళ్ళే పంపిస్తే, తీరా గుమ్మంలోకొచ్చాక..."

"గెలవనివాళ్ళు కప్పు ముట్టుకోకూడదు. ముట్టుకుంటే ఇంక జన్మలో గెలవరు. హాకీ ఆడే ఏ చంటిదాన్నైనా అడుగు, చెప్తుంది."

"నీ పేరు చెక్కారు దాని మీద. కళ్ళజోడు పెట్టుకుని మరీ చదివాను. బోయ్కో, కెప్టెన్."

"లిస్టు చూసి చెక్కుతారమ్మా. ఆఖరాట రోజు నేనెక్కడున్నా? కోటు తొడుక్కుని, చంకలో కర్రలు పెట్టుకుని, అద్దం వెనక పాప్‌కార్న్ తిన్నా."

"సెమీ ఫైనల్లో ఆ గోలు కొట్టబోయేగా మోకాలు విరగ్గొట్టుకున్నావు! అంతకు ముందు ఇరవయ్యెనిమిది గోల్స్ ఎవరు కొట్టారు, పెల్టియర్ గారా?"

"నన్ను పిలిచారా, బోయ్కో అమ్మగారూ?"

"లేదండీ, పొగుడుతున్నాం. పిరోగీలు అయిపోయాయా?"

"అయిపోయాయండీ, పన్నెండు తిన్నాను. అదికాదు... చేతులు కడుక్కుని వచ్చి పెట్టె తెరిస్తే, అందులో కప్పు లేదు."

"ఉంటుంది లెండి, ఎక్కడికి పోతుంది."

"అది నా కళ్ళ ముందుండాలండీ. నా ఉద్యోగమే అది."

"వెచ్చగా, భద్రంగా ఉంది. కావాలంటే మేడ మీద చూసుకోండి. ఈలోగా ఇంకో ఆరు వేయిస్తాను."

"పుల్ల మీగడతోనా?"

"మీగడ లేకుండా పిరోగీ పెట్టే ఇల్లా ఇది?"

"...అయితే మేడ మీద చూసొస్తాను."

"అమ్మా, కప్పునేం చేశావు?"

"అరవకు, పిండి!"

"అరవలేదు. అడిగా."

"నేనూ ఒకటి అడుగుతా. ఇవాళ ముట్టుకోవు. మరెప్పుడు ముట్టుకుంటావు?"

"వచ్చే ఏడు. ఆడి, గెలిచి, అప్పుడు ఎత్తుతా."

"వచ్చే ఏడు."

"ఒక్క ఏడాదేనమ్మా."

"డాక్టరమ్మ ఏమంది?"

"అందిలే ఏదో."

"ఏదో కాదు. పక్కనే ఉన్నా నేను. ఈ మోకాలు ఇంకోసారి చిట్లితే కర్ర లేకుండా నడవడమంటూ ఉండదంది. నువ్వేమో పొద్దున స్నానాల గదిలో దూరి ఫోన్లో గుసగుసలు. రేపొచ్చి వచ్చే ఏడాది ఆటకి సంతకం పెడతానని."

"అవేం చెవులమ్మా!"

"చీకటితో లేచి నిన్ను రింకుకి తోలుతూ, వెనకసీట్లో నువ్వు నిద్రపోతున్నావో, ఓడిపోయినందుకు ఏడుస్తున్నావో కనిపెట్టిన చెవులు. నీకు ముప్పయ్యైదేళ్ళు, స్లావ్కా! ఇంకా ఎన్ని ఎముకలు..."

"అమ్మా. పిండి."

"పిండికేమైంది?"

"నీ గొంతే లేచింది ఈసారి."

"...అవును. నాదే లేచింది. భయంగా ఉందే నాకు. నువ్వు కింద పడితే అందరూ పక్ బిళ్ళ ఎటు పోయిందా అని చూస్తారు. నేను నువ్వు లేచావా లేదా అని చూస్తా. ముప్పయ్యేళ్ళుగా ఒక్క గోలు కూడా సరిగ్గా చూడలేదు, తెలుసా?"

"ఒక్కటీ?"

"టీవీలో మళ్ళీ వేసినప్పుడు చూశా."

"నాకూ భయంగానే ఉందమ్మా. దాన్ని ముట్టుకుంటే ఇంక అయిపోయినట్టే. రేపట్నుంచి పొద్దున్నే లేచి నేనేం చెయ్యాలి?"

"లేవకు. హాయిగా పడుకో. నేనూ పడుకుంటా. ఐదో ఏట నుంచి నన్ను ఐదింటికి లేపుతున్నది నువ్వే."

"వేళాకోళం వద్దు."

"వేళాకోళం కాదు, నిద్ర చాలక చెప్తున్నా. సరే, ఒకటి చెప్పు. మీ తాత కొట్టం కట్టాడా?"

"మళ్ళీ కొట్టం కథా!"

"స్తంభాలు పాతాడు, దూలాలు మోశాడు. ఆఖరి రేకులు వేసే రోజు నిచ్చెన మీంచి పడ్డాడు. ఆ రేకులు పక్క పొలం వాళ్ళు వేశారు. కొట్టం ఎవరిది?"

"కొట్టం వేరు, కప్పు వేరు."

"ఎవరిదని అడిగా."

"...తాతదే."

"మరి నాది కాదు, అడుగుపెట్టనని తాత గుమ్మం బయట అలిగి కూర్చున్నాడా?"

"లేదులే. మర్నాడే ఆవుల్ని కట్టేశాడు."

"బోయ్కో అమ్మగారూ! మేడ మీద లేదండీ. మంచాల కింద కూడా పాకి చూశాను. కొంపదీసి..."

"అరవకండి పెల్టియర్ గారూ. ఇలా కూర్చోండి. మీరిద్దరూ ఉండగానే చెప్పేస్తాను. ఎవరూ గొంతెత్తకూడదు. స్లావ్కా, నీ ఒళ్ళో ఉంది చూడు... అది మన గిన్నె కాదు."

"దేవుడా! కప్పులో పిండి కలిపారా?"

"కలిపింది గిన్నెలోనేనండీ, పొంగడానికి మాత్రం ఇందులో వేశాను. ముందు శుభ్రంగా కడిగి, వెన్న రాసి..."

"వెన్న రాశారా!"

"రాయకపోతే అంటుకుంటుందిగా."

"మీరెలా ముట్టుకున్నారండీ? గెలవనివాళ్ళు దాన్ని..."

"ముప్పయ్యేళ్ళు కారు అద్దం మీద మంచు గీకిన చేతులివి. నేను గెలవలేదని ఎవరంటారో అనమనండి, నా ముందుకొచ్చి. స్లావ్కా, అరగంట నుంచి దాన్ని రెండు చేతులా కావిలించుకుని కూర్చున్నావు. ముట్టుకోవడం అయిపోయింది. పిడుగేమైనా పడిందా? ఇంక నన్నెంత తిట్టినా సరే, తిట్టు."

"మెల్లిగా అమ్మా."

"కోపం రాలేదా?"

"చిన్నప్పట్నుంచి నీ పిండిగిన్నెలు మోస్తున్నదాన్ని. మూడు రొట్టెల పిండి ఎంత బరువుంటుందో నాకు తెలీదా?"

"అంటే... ఎప్పుడు తెలిసింది?"

"నువ్వు ఒళ్ళో పెట్టగానే. తువ్వాల్లోంచి చెక్కిన అక్షరాలు వేళ్ళకి తగిలాయి. ఏం చేశావని ఊరికే అడిగా, నువ్వేమంటావో చూద్దామని."

"ఓసి దొంగమొహమా! మరి దించలేదేం?"

"దించేద్దామనే అనుకున్నా. నువ్వేమో పిండి పొంగేటప్పుడు లేవకూడదంటివి. కొట్టం దాకా వచ్చేసరికి ఇంక దించబుద్ధి కాలేదు."

"మరి... రేపటి సంతకం?"

"చేతులు ఖాళీగా లేవుగా అమ్మా."

"నా తల్లే!"

"ఏడవకు. ఏడిస్తే కూడా చతికిలబడుతుందేమో."

"నేనేం ఏడవట్లేదు. ఉల్లిపాయలు."

"అమ్మాయిగారూ, ఇలా ఇవ్వండి. ఆరింటిలోపు దీన్ని తోమి, తుడిచి..."

"చెయ్యి తియ్యండి పెల్టియర్ గారూ. గెలవనివాళ్ళు దాన్ని ముట్టుకోకూడదు."