తాడు పట్టుకున్న మనిషి

కెనడాలోని సస్కాచెవాన్‌లో ఒక ధాన్యం గిడ్డంగి ఆఫీసు. అక్కడి పనివాళ్లకి ఆన్‌లైన్‌లో భద్రతా కోర్సు తయారుచేసినామె, వాళ్లు రాసిన జవాబులు పట్టుకుని ముసలి మేనేజరు దగ్గరికి వచ్చింది.

“నెక్స్ట్, నెక్స్ట్ నొక్కేసి పోయుంటారు. మావాళ్ల సంగతి నాకు తెలీదా!”

“లేదు సార్. పెద్దవాళ్లకి మనం పాఠం చెబితే ఎక్కదు, వాళ్ల అనుభవాన్నే అడగాలి. అందుకే ‘మీరు నడుముకి తాడు కట్టుకుని ధాన్యంలోకి దిగితే, పైన ఆ తాడు పట్టుకునేదెవరు?’ అని పెట్టాను. పదకొండు మందీ ఒకే పేరు రాశారు. ఓస్టాప్ అని.”

“నిన్ను ఆటపట్టిస్తున్నారమ్మా.”

“ఎవరింట్లో వాళ్లు కూర్చుని రాశారు సార్. ఇంతకీ ఎవరాయన?”

“నలభై ఏళ్ల కిందటి మాట. కాఫీ తాగొస్తానని తాడు వదిలేసి పోయాడు. లోపల మా అన్న ధాన్యంలో కూరుకుపోయి ప్రాణం వదిలాడు. ఆ చలికాలంలోనే ఓస్టాప్ కూడా చచ్చిపోయాడు. వీళ్లలో ఒక్కడు కూడా వాడి మొహం ఎరగడు.”



“మరి మొన్న కోర్సు వీడియో తీయడానికి నేను ధాన్యంలోకి దిగినప్పుడు, తాడు పట్టుకోమని మీరు పంపిన పెద్దాయన?”

“నేనెవర్నీ పంపలేదే! నువ్వే ఎవర్నో తెచ్చుకున్నావనుకున్నాను.”

“పైకొచ్చాక కాఫీ ఇవ్వబోతే వద్దు వద్దని వెనక్కి జరిగాడు.”

“ఏమైనా అన్నాడా?”

“మీకో మాట చెప్పమన్నాడు సార్. నాకేం అర్థంకాక ఊరుకున్నాను. ‘ఈసారి వదల్లేదు’ అని.”