కృతి అడిగిన రెండు నిమిషాలు

నవ్వండి, బాగా నవ్వండి! ఆ ల్యాప్‌టాప్ మూసి మరీ నవ్వండి. కంప్యూటర్స్ చదవమని మినెసోటా పంపితే మన కృతి వెళ్లి నార్వే భాషా సంఘంలో చేరిందంటే మీకు జోక్‌లా ఉందా?

అదీ మామూలు నార్వే భాష కాదండీ బాబూ. ఆ దేశంలో ఒకే భాషని రెండు రకాలుగా రాస్తారట. ఎక్కువమంది రాసేది ఒకటి. పదిమందిలో ఒకరో ఏమో రాసేది ఇంకోటి, నీనొర్స్క్. పల్లెల్లో వాళ్లు మాట్లాడుకునే మాటల్లోంచి తయారుచేసుకున్న రాత అట. మనమ్మాయి వెతికి వెతికి దాన్నే పట్టుకుంది. అచ్చం మీ పోలికే! కాస్ట్‌కోలో అందరూ నిలబడ్డ లైన్ వదిలేసి, ఎవరూ లేని లైన్‌లోకెళ్లి ఇరుక్కుంటారు చూడండీ, అలాగ.

"దీనివల్ల ఇంటర్న్‌షిప్ ఏమైనా వస్తుందా తల్లీ?" అనడిగాను. తప్పా? "అమ్మా, ప్లీజ్" అంది.

నేనూరుకుంటానా? ఆ సంఘం రూల్స్ పదకొండు పేజీలూ చదివాను. మీరు ఈ ఇల్లు కొన్నప్పుడు కూడా అంత చదవలేదు. చివరికి తేలిందేంటి? నెలకోసారి కూర్చుని, జామ్ రాసుకుని వాఫుల్స్ తింటూ, ఆ రాతలో ఒకరికొకరు ఉత్తరాలు రాసుకుంటారట!

అబ్బ, ఆ కనుబొమ్మలు దించండి. అసలు సంగతి చెప్పనివ్వండి.

రేపు శనివారం వాళ్ల మీటింగ్. ఒక్కొక్కరూ తమ ఇంటివాళ్ల ఊరి మాట వినిపించాలట. బడిలో నేర్పేది కాదు, టీవీలో వచ్చేదీ కాదు. "అమ్మా, నువ్వు చిన్నప్పుడు పాలమూరులో ఎలా మాట్లాడేదానివో అలా రెండు నిమిషాలు రికార్డ్ చేసి పంపు" అంది.

పంపాను. పట్టుచీర కట్టుకుని, నాలుగుసార్లు తీసి, అందులో బాగున్నది ఎంచి మరీ పంపాను. పొద్దున ఫోన్ చేసింది. "అమ్మా, ఇది న్యూస్ రీడర్. నాకు నీ మాట కావాలి."

"నా మాట ఇదే. ఇంకోలా నాకు రాదు" అన్నాను.

"ఓకే అమ్మా" అంది. లిస్టులో తన పేరు తీయించేసుకుందట. రేపు తన బదులు నీల్ అనే అబ్బాయి వాళ్ల నానమ్మ మాట వినిపిస్తారట.

మీకు తెలియందేముంది? గుంటూరు హాస్టల్లో మొదటిరోజు నోరు తెరిస్తే గదిలో అందరూ నవ్వారు. నెల తిరక్కుండా నా మాట మార్చేసుకున్నాను. పెళ్లిచూపుల్లో మీ అమ్మగారు మెచ్చుకున్నారు కూడా, "మా వైపు పిల్లలాగే ఉందే!" అని. మెప్పే కదా అది?

అక్కడితో ఆగితే బాగుండేది. కృతికి ఆరేళ్లప్పుడు మా అమ్మ వచ్చి ఆర్నెల్లుంది, గుర్తుందా? పిల్ల "గట్లనే", "ఏడికి పోతున్నవ్" అంటుంటే మీరు మురిసిపోయేవారు. నేను? ఆదివారం తెలుగు క్లాసులో టీచర్ని కదా, నా పరువేం కావాలి! "అమ్మమ్మలా మాట్లాడితే అందరూ నవ్వుతారు" అన్నాను. అంతే, పిల్ల మానేసింది.

మా అమ్మ విననే విన్నది. మర్నాటినుంచి ఆరేళ్ల పిల్లతో "భోజనం చేశారా అండీ?" అనేది. మీరు పడీ పడీ నవ్వారు. నేనూ నవ్వాను.

ఇన్నేళ్లలో ఏ ఫారంలోనూ ఒక్క అబద్ధం రాయలేదండీ నేను. గ్రీన్ కార్డ్ కాగితాల్లో మూడు వారాలున్న అడ్రస్ కూడా రాశాను. కూతురికి మాత్రం రాదని చెప్పేశాను.

రాకపోవడమేంటి! ఇంట్లో సిగ్నల్ లేదని మా అమ్మతో గ్యారేజ్‌లో మాట్లాడతానా? అక్కడ సిగ్నల్ ఇంకా తక్కువ. కార్లో కూర్చుని, అద్దాలు ఎక్కించుకుని, "ఏం జేస్తున్నవే అవ్వా, తిన్నవా?" అని గంటసేపు. పిల్లకి వినపడకూడదని. మీక్కూడా.

ఏంటా చూపు? ఇప్పుడే ఫోన్ చేసి నిజం చెప్పమంటారా?

చెప్తాను లెండి. రేపు మీటింగ్ అయిపోయాక.