నాలుగో చన్ను దూడది

అధ్యక్షులు ధర్మలింగం గారూ, జయంతమ్మ గారూ, చూలై పాడి సంఘం పెద్దలారా, పితికే వేళ దాటుతున్నా ఈ కొట్టంలో కూర్చున్న మిత్రులారా,

మన జయంతమ్మ గారి పెనిమిటి ఆదికేశవులు నాయుడు గారు పోయి పదకొండు రోజులు. ఆయన గురించి మాట్లాడే అర్హత ఈడ అందరికంటే నాకే తక్కువ. అందుకే ముందు నేనే మాట్లాడతానన్నాను.

మూర్ మార్కెట్లో కొన్న చిన్న పుస్తకాలు చదివి, నెలకొక్క రోజు పాలు కొలిచి, ఈత మొత్తానికి, అంటే ఆవు ఈనింది మొదలు వట్టిపోయేదాకా, దిగుబడి అంచనా కట్టే నమూనా చేసినవాణ్ణి నేను. కంటిచూపుతో అంచనా వేయడం మూఢనమ్మకమని కరపత్రం కూడా వేశాను. నా మొదటి నమూనా గుర్తుంది గదా? స్కేలు పెట్టి గీత గీశాను. గీత దిగింది, దిగింది, పదకొండో నెలలో సున్నా కిందికి పోయింది. మీరంతా నవ్వారు. ఆయన నవ్వలేదు. మర్నాడు తెల్లారేసరికి చెంబెడు పాలతో మా గుమ్మంలో నిలబడ్డారు. "అబ్బయా, నీ కాగితం ప్రకారం మా ఆవు గౌరికి మనమే రెండు లీటర్లు ఇయ్యాల. ఏ పక్క నుంచి పోసేది?"

గీతను వంచాను. గీత ఒప్పుకుంది, గౌరి ఒప్పుకోలేదు. నేను కాగితం పట్టుకొని ఎదురుగా నిలబడితే చేపదు, పాలు పొదుగులోనే బిగబట్టుకుంటుంది. "దానికి పరీక్షంటే భయం, నీ మాదిరే" అన్నారు. లెక్కల్లో రెండుసార్లు తప్పినవాణ్ణి గదా. నెత్తిన తువాలు కప్పుకొని స్తంభం వెనక దాక్కున్నాను. శాస్త్రం కోసం ఎవరు దాక్కోలేదు? ఆడ్నుంచి బిందె మాత్రమే కనిపించేది.

అయినా ఆయన ఆవులన్నీ నా అంచనాకంటే పావువంతు తక్కువే ఇచ్చాయి. నేనేం చేశాను? నిండు సభలో లేచి పాలదొంగ అన్నాను. ఇదే నోటితో అన్నాను. ఎనిమిది లీటర్లకు తగ్గిన ఆవును కొట్టంలోంచి పంపేయాలని తీర్మానం రాసిందీ నేనే. ఆరు లీటర్ల గౌరి పేరు మొదట రాశాను. దాన్ని తోలుకుపోను రేపు బండి వస్తుంది.

ఆయన నా చెయ్యి పట్టుకొని ఈడికి తెచ్చి చూపించారు. మూడు చన్నులే పితికారు. "నాలుగోది దూడది అబ్బయా. దాన్ని అడక్కుండా నేనెట్ల లెక్కకిచ్చేది?"

మూడింటికి ఆరయితే నాలుగింటికి ఎంత? నా నమూనాలో అన్నీ ఉన్నాయి మిత్రులారా, దూడ లేదు.

క్షమించమని ఆ రోజే అడగాల్సింది. అడగలేదు. ముందు లెక్క సరిదిద్ది, కాగితం చేతిలో పెట్టి అడుగుదామనుకున్నాను. మూడు వారాలు పట్టింది. సరిదిద్దిన పొద్దుటే కబురొచ్చింది.

ఆ కాగితం ఇదిగో, జయంతమ్మ గారూ. తీర్మానం వెనక్కి తీసుకుంటున్నాను. కాదనేవాళ్లు చెయ్యెత్తండి. ఒక్క చెయ్యీ లేవలేదు. గౌరి ఈడే ఉంటుంది.

ఇక అందరూ లేవండి. నిమిషం ఎంతసేపో నన్నడక్కండి, నా అంచనాలు మీకు తెలుసు. జయంతమ్మ గారు దూడను విప్పుతారు. అది నాలుగో చన్ను వదిలేదాకా మాట్లాడకుండా నిలబడదాం. కాగితాలుంటే జేబులో పెట్టుకోండి. గౌరి చూస్తే చేపదు.