బ్రేకులో గాలి

కొండ దారిలో కారు వేగంగా దిగుతోంది. స్టీరింగ్ అల్లుడి చేతిలో ఉంది. పక్క సీట్లో అత్తగారు.

“అత్తయ్యగారూ, గట్టిగా పట్టుకోండి. బ్రేకు పడట్లేదు!”

“పెడల్ గట్టిగా ఉందా, మెత్తగా దిగిపోతోందా?”

“దూదిని తొక్కినట్టుంది. అదిగో, మలుపులో లారీ ఆగి ఉందండీ!”

“కనబడుతోంది, అరవకు. పొద్దున బ్రేకు ఆయిల్ నువ్వే మార్చావా?”

“నేనే. మెకానిక్‌కి చూపించమని మీ అమ్మాయి మొత్తుకుంటూనే ఉంది.”

“అయితే పైపులో గాలి ఉండిపోయింది. ఆయిల్ నొక్కితే అణగదు, నీ బలం నేరుగా చక్రానికి చేరుస్తుంది. గాలి అణిగిపోయి ఆ బలాన్ని మింగేస్తోంది. కాలు తీసి మళ్లీ తొక్కు. వరసగా, గబగబా!”

“తొక్కితే ఏమవుతుందండీ?”

“తొక్కినప్పుడల్లా ఇంకాస్త ఆయిల్ లోపలికెళ్లి గాలిని బిగిస్తుంది. పాఠం తర్వాత, ముందు తొక్కు! గేరు తగ్గించు!”

“లారీ మీదికొచ్చేస్తోంది!”

“తొక్కు!”

“ఆ... గట్టిపడుతోంది! పట్టిందండీ, పట్టింది!”

లారీకి జానెడు దూరంలో కారు ఆగింది.

“హ్యాండ్ బ్రేకు వెయ్యి. తాళాలు ఇలా ఇవ్వు.”

“మీరు నడుపుతారా?”

“నాకు ఫిజిక్స్ చెప్పడమే వచ్చు బాబూ, డ్రైవింగ్ రాదు. మెకానిక్ వచ్చేదాకా ఇవి నీ చేతికి చిక్కకూడదని.”