కిలో పక్కన బొట్టు

ఏమన్నవ్ బిడ్డా? బస్తా మీద 'కి' అని రాసి, దాని పక్కన ఎర్రమట్టి జాజుతోని బొట్టెందుకు పెడ్తరనా? గంజ్ మార్కెట్‌ల ఎవ్వలు చెప్పలేదా? ఎట్ల చెప్తరే, ఆళ్లంత నిన్నమొన్నటోళ్లు. ఆ కుర్సీ ఇటు గుంజుకొని కూసో. తమన్నా, నువ్వు ఇయ్యాల కంప్యూటర్ కాంటా కాడ కూసుంటున్నవ్ సూడు, గదే జాగల మీ ముత్తాత హఫీజుద్దీన్ నిలవడేటోడు. దడ్వాయి. అంటే రైతు తెచ్చిన మాలు జోకెటోడు. నేను హమాలీ, ఆయన కాంటా కింద బస్తాలు మోసెటోన్ని. ఇరువై ఏండ్లు ఉంటయేమో నాకప్పుడు. గిప్పుడు గీ మోకాళ్లు సూడు, చాయ్ గ్లాసు మోసుడే కష్టమైంది. ఆఁ, ఏం చెప్తున్న? హఫీజు చిచ్చా. గసొంటి చెయ్యి మళ్లెవ్వనికి రాలే బిడ్డా, గర్వంగనే చెప్తున్న. మొదటి జోకు పడంగనే 'ఒకటి' అనేటోడు కాదు. హిందువుల మాలైతే 'లాభం' అనేటోడు, తురకోళ్ల మాలైతే 'బర్కత్' అనేటోడు, ఆ తర్వాత రెండు, మూడు. ఎవల దేవుణ్ణి ఆళ్లకు యాది చేసెటోడన్నట్టు.

అప్పట్ల అంత శేర్లు, మణుగులు, పల్లాలు. నలభై శేర్లైతే మణుగు, మూడు మణుగులైతే పల్లా. ఇంత పెద్ద పేర్లు బస్తా మీద ఎవడు రాస్తడు? మణుగుకు 'మ', శేరుకు 'శే', గంతే. మీ ముత్తాత ఉర్దూల సదువుకున్నోడు, గా రెండు మూడు తెలుగు అక్షరాలు మాత్రం బస్తాల మీద రాసుకుంటనే నేర్సుకున్నడు. ఇగ గవర్మెంటోళ్లు కిలోలు తెచ్చిన్రు. కొత్త తూకం రాళ్లొచ్చినయి, కొత్త అక్షరం 'కి' వచ్చింది. రైతులకు ఫికరే ఫికర్. "కిలో అంటే శేరు కన్న పెద్దదా, చిన్నదా? మమ్ముల ముంచెతందుకు తెచ్చిన్రా?" అని ఒక్కటే లొల్లి. పెద్దదే బిడ్డా, జరంత పెద్దది. గా జరంతనే కొంప ముంచింది.

ఝరాసంగం నుంచి బస్వమ్మ అని ఒకామె శెనగలు తెచ్చేది. మొగడు లేడు, ఎవుసం ఆమెనే చేసుకునేది. నోరు వెట్టిందంటే కాంటా కూడా వణకాలె. ఆనాడు ఆమె బస్తా నలభై కిలోలు తూగింది. చిచ్చా చేతికి నలభై అంటే ఏంది? మణుగు! ఇరువై ఏండ్ల అలవాటాయె. తీస్కపోయి బస్తా మీద 'మ' అని రాసిండు. సావుకారి కాడ లెక్కలు రాసే మునీం 'మ' చూసి మణుగే అనుకున్నడు, మణుగు పైసలే ఇచ్చిండు. ఆమె బండి కట్టుకొని పోయింది. జరసేపటికి చిచ్చా కాంటా దిక్కు చూస్తే ఇరువై కిలోల రాళ్లు రెండు అట్లనే ఉన్నయి. "యా అల్లా, వీరన్నా, మూడు శేర్లకు జర తక్కువ, గంత శెనగలు ఆ తల్లికి నష్టమైనయిరా" అన్నడు నాతోని. సావుకారి దగ్గరికి పోతే ఆయనేమన్నడు? "మాలు లారీల వడ్డది, ఎవడు చూసిండు, చుప్ బైఠో. తప్పు చేసిన అని ఊరంత చెప్పుకుంటే రేపు నీ కాంటాకు ఎవడొస్తడు?"

గదే కద అసలు భయం. దడ్వాయికి పొలం లేదు, జాగ లేదు, పేరొక్కటే ఆస్తి. అయిన మీ ముత్తాత ఆగలే. తెల్లారి మీ ముత్తవ్వ సర్వరీ బేగం ఇంట్లకెల్లి మూడు శేర్ల శెనగలు సంచిల పోసిచ్చింది. సైకిల్ మీద ఝరాసంగం. నేను ఎనుక కూసున్న. బస్వమ్మ గడపకు జాజు పూస్తున్నది. ఇరుగుపొరుగంత చూస్తుండంగనే, "అమ్మా, తప్పు నాది, నా చెయ్యి చేసింది" అన్నడు. తిడ్తదనుకున్న. ఆమె ఇంట్ల శేరు తెచ్చి కొలిచింది. "లాభం, రెండు..." మూడో శేరు నిండంగనే ఒక పిడికెడు తీసి ఆయన సంచిల పోసింది. "నీది నాకొద్దు సాయబూ. కని నీ అక్షరాలు మాకు తెల్వయి. నీ తప్పు మేం పట్టేటట్టు గుర్తు పెట్టు" అన్నది. అని, జాజు అంటిన బొటనవేలు సంచి మీద ఒత్తింది. "కిలోలైతే గిట్ల బొట్టు. మణుగైతే బొట్టొద్దు."

ఇగ అప్పటికెల్లి బొట్టే బొట్టు! గంజ్‌ల అందరు ఒకటే నవ్వుడు, "సాయబు బస్తాలకు బొట్లు పెడుతున్నడు, రేపు పెండ్లి గూడ చేస్తడు" అని. నవ్వినోళ్లే రెండు నెల్లకు ఆళ్ల కాంటాల కాడ జాజు గిన్నెలు పెట్టుకున్నరు. న్యాల్‌కల్ నుంచి, కోహీర్ నుంచి రైతులొచ్చి "బొట్టు సాయబు కాంటా ఏది?" అని అడిగెటోళ్లు. తప్పు చెప్పుకుంటే పేరు పోతదన్నడు కదా సావుకారి? గా తప్పుతోనే పేరొచ్చింది. మణుగులు పోయినయి, శేర్లు పోయినయి, బొట్టు పోలే. మీ మిషన్ చిట్టీల మీద బొట్టు రాదంటవా? రాకపోతే రాకపోనీ. బస్తా మీద నువ్వు చేత్తోని పెట్టు. నీకు హక్కున్నది.

ఒక్క మాటుంది బిడ్డా. అరవై ఏండ్లైంది, ఎవ్వలికి చెప్పలే. ఎవడు చూసిండు, చుప్ బైఠో అన్నది సావుకారి అని చెప్పిన కద. సావుకారి కాడికి ఆయన పోనే లేదు. గా మాట అన్నది నేను. ఆయన నా దిక్కు చూసిండు. పొద్దుగాల మా ఇంటి ముంగట సైకిల్ ఆపి, "ఎక్కురా" అన్నడు. గంతే. సచ్చిందాక ఆయన నోట ఆ ముచ్చట రాలే... ఏమే ముసలీ, బిడ్డకు చాయ్ పెడ్తనన్నవ్, పెట్టినవా లేదా?