రెండు వేళ్ల లోతు

పలాస. జీడిపప్పు ఫ్యాక్టరీలో గుమాస్తా గది. బల్ల మీద చిన్న స్కానింగ్ మిషను. మణికట్టు నరాల మీద పరిశోధన చేస్తున్న డాక్టర్ శిరీష, జీడిపిక్కలు పగలగొట్టే ఎలీసబెతు. బయట వరండాలో మరో పదకొండు మంది ఆడవాళ్లు వంతు కోసం కూర్చున్నారు.

“అది కాదమ్మా, చెయ్యి పెట్టండి. నడుం కాదు.”

“సెయ్యి ఎక్కడికి పోతాది, డాక్టరమ్మా? ముందు నడుం సూసెయ్యి.”

“ఎలీసబెతమ్మా, నేను వచ్చిందే చేతులు చూడ్డానికి. అరచెయ్యి పైకి తిప్పండి. ఆ, అలా.”

“అబ్బ, సల్లగుంది. ఈ జిగురేటి?”

“బొమ్మ తేటగా రావడానికి. కదపకండి. ఇదిగో, తెర మీద గుండ్రంగా కనబడుతోందే, అది మీ నరం. మణికట్టులో ఇరుకు సందులోంచి వేళ్లకి వెళ్తుంది.”

“నరమా? ఏపగింజలాగుంది.”

“వాచింది. కొలత పదిలోపు ఉండాలి, మీకు పద్దెనిమిది ఉంది. ఎన్నాళ్లనుంచి తిమ్మిరి?”

“నాలుగేళ్లు. అందరికీ ఉన్నదే. ఇరవయ్యేళ్లు పిక్కలు కొడితే సెయ్యి మొద్దుబారదేటి?”

“రాత్రిపూట నిద్ర పడుతుందా?”

“సెయ్యి ఇదిలించుకుంతా కూకుంతాను. సర్లే, సెయ్యి అయిపోనాదా? ఇప్పుడా మిషను ఇలాగ ఎనక్కి ఎట్టి కిడ్నీలు సూడు.”

“కిడ్నీలు కనబడవమ్మా దీంట్లో.”

“ఎందుకు కనబడవు? నరం కనబడింది గదా?”

“ఇది రెండు వేళ్ల లోతు దాకానే చూస్తుంది. కిడ్నీలు ఇంకా లోపలుంటాయి. వాటికి వేరే మిషను కావాలి.”

“ఒక్కసారి ఎట్టి సూడు. కనబడకపోతే నేదని సెప్పు.”

“సరే. పెట్టాను. చూడండి, ఇది చర్మం, ఇది కండ. ఆ కింద అంతా మసక.”

“మసకంతే సెడ్డా?”

“చెడ్డా కాదు, మంచీ కాదు. కనబడ్డం లేదు, అంతే.”

“ఇంకొంచెం నొక్కు.”

“నొక్కితే కనబడేది కాదమ్మా.”

“నొక్కమంతన్నాను గదా! నాకేటీ నొప్పి నేదు, నొక్కు!”

“ఎందుకమ్మా అంత భయం? ఇంట్లో ఎవరికైనా ఉందా?”

“మా ఆయన జేమ్సు. పోనేడు సచ్చిపోనాడు. వారానికి రెండుమాట్లు టెక్కలి తీసుకెల్లి రక్తం కడిగించీదాన్ని. ఆయనకీ ముందు కాళ్లే వాసినాయి. ఇదిగో, నా కాళ్లు సూడు.”

“నొక్కితే గుంట పడుతోంది. ఎప్పట్నించి?”

“ఈస్టరు కాణ్నించి.”

“మరి రక్తపరీక్ష ఎందుకు చేయించుకోలేదు?”

“రక్తం ఇత్తే కాగితం ఇత్తారు. కాగితం ఇంటికొత్తే మా పిల్ల దీవెన సదువుతాది. ఆల నాన్న కాగితాలన్నీ అదే సదివింది. ఏ అంకెకి మనిసి ఎలాగుంతాడో దానికి తెలుసు. బొమ్మయితే నువ్వొక్కదానివే సూత్తావు. నా సెవిలో సెప్తావు. అందుకే ఈ సేతుల పరీచ్చకి అందరికంతే ముందు పేరు రాయించుకున్నాను.”

“చెప్పగలిగితే చెప్పనా? దీంతో నావల్ల కాదమ్మా.”

“సదువుకున్నదానివి, నువ్వే కాదంతే మాం ఏటవ్వాల?”

“రక్తపరీక్షకి చీటీ రాసిస్తాను, కాగితం మీ చేతికే ఇమ్మని రాస్తాను. వెళ్లండి, బతిమాలుతున్నాను. చేతికి రాత్రిపూట పట్టీ కట్టుకోండి. నొప్పికి ఏమైనా మందు వాడుతున్నారా?”

“మాత్ర ఏసుకుంతాను.”

“ఏ మాత్ర?”

“ఇదిగో, కొంగున కట్టుకున్నాను. ఈ ఎర్రది. పొద్దున్నొకటి, మజ్జానం ఒకటి. ఏసుకుంతేనే సెయ్యి ఆడతాది.”

“ఎన్నాళ్లుగా?”

“సెప్పినాను గదా, నాలుగేళ్లు.”

“రోజూనా?”

“ఆదివారం మానేత్తాను. సర్చికెల్తాను, పని నేదు గదా.”

“ఎలీసబెతమ్మా, ఇవి ఆపెయ్యండి. ఇవాళే. ఇన్నేళ్లు రోజూ వేసుకుంటే కిడ్నీలు పాడవుతాయి.”

“ఏటీ?”

“చేతికని వేసుకున్నది అక్కడ దెబ్బ కొడుతుంది. సరిగ్గా నీళ్లు తాగకుండా ఈ వేడిలో పనిచేసేవాళ్లకి మరీను.”

“సేతి మాత్ర నడుంలోకి ఎందుకెల్తాది?”

“రక్తంలో కలిసి ఒళ్లంతా తిరుగుతుందమ్మా.”

“మరి జేమ్సు... వద్దులే.”

“ఆయన కూడా వేసుకునేవారా?”

“కొబ్బరి సెట్లెక్కీవోడు. సాయంత్రానికి నడుం పట్టీసీది. నానే... వద్దులే అంతన్నాను గదా! అయిపోనాది.”

“దానివల్లే అని నేననలేను. ఈ ఉద్దానం ఊళ్లలో ఇంతమందికి ఈ కిడ్నీ జబ్బు ఎందుకొస్తోందో ఇంకా ఎవరూ తేల్చలేదు. మీ తప్పు కాదు.”

“సెప్పకు. నాకేటీ సెప్పకు.”

“కొంచెం నీళ్లు తాగండి. తాగండమ్మా. బయటున్నవాళ్లు కూడా ఇవే వేసుకుంటారా?”

“ఆల సంగతి ఇప్పుడెందుకు?”

“ఆపించాలి కదా. వేసుకుంటారా, లేదా?”

“బంగారమ్మ ఏసుకుంతాది. పార్వతి... అందరూను.”

“ఎవరిస్తున్నారు? మేస్త్రీనా?”

“మేస్త్రికేటి తెలుసు, పాపం.”

“మరెవరు? చెప్పండి, నేను ఎవర్నీ ఏమీ అనను.”

“నానే. మందుల సాపులో నానే కొని తెత్తాను. పనిలో కూకునే ముందు పార్దన సేసుకుని ఒకొక్కలి అరసేతిలో ఒకొక్కటి ఎడతాను. నాకు నొప్పి తగ్గింది గదా, ఆలకీ తగ్గుతాదని. ఈయేల నువ్వొత్తన్నావని, నీ ముందు సేతులు వణక్కూడదని, అందరికీ రెండేసి ఎట్టినాను, డాక్టరమ్మా.”