వసారాలో పాలనా పాఠం, గదిలో చింతపండు

శ్రీమతి గెడ్డం సుజానా గారు 1989 జూలై 17వ తేదీన సీతంపేటలోని గిరిజన బాలికల ఆశ్రమ పాఠశాలలో సాంఘికశాస్త్ర ఉపాధ్యాయినిగా విధుల్లో చేరారు. పాతికేళ్ల ప్రాయంలో, ఒక ట్రంకుపెట్టె, ఒక బైబిలు, ఒక రాజ్యాంగ ప్రతి వెంటబెట్టుకుని బస్సు దిగిన ఆ యువతికి సవర భాషలో ఒక్క ముక్క రాదు. ఆమె పిల్లలకు ప్రాథమిక హక్కులు బోధించగా, పిల్లలు ఆమెకు సవర బోధించారు. రెండు చదువుల్లో ఏది ముందు పూర్తయిందని అడిగితే మేడం నవ్వేస్తారు.

ఆ కొండల్లోనే పలు పాఠశాలల్లో పనిచేసి, పదోన్నతి పొంది, రాష్ట్ర విభజన జరిగిన 2014లో ఆమె చింతూరుకు బదిలీ అయ్యారు. శబరి ఒడ్డున ఉన్న ఆ మండలం అప్పుడే తెలంగాణ నుంచి ఆంధ్రప్రదేశ్‌లో కలిసింది. మొదటి రోజే క్లాసులో ఒక అమ్మాయి లేచి, “మేమేం కదల్లేదు గదా మేడం, మా రాష్ట్రమెట్ట మారింది?” అని అడిగింది. పుస్తకంలోని జవాబు చెప్పబోయి మేడం ఆగిపోయారట. పార్లమెంటులో జరిగిన పని ఒక పిల్ల ఇంటి గడప దాకా ఎలా వస్తుందో విడమరిచి చెప్పలేని తన చదువు మీద తనకే కోపం వచ్చిందని ఆమె చాలాసార్లు చెప్పారు. పాలన, ఆర్థిక వ్యవహారాల మీద ఆమెకు పట్టుదల పుట్టింది అక్కడే.

2018లో అరకులోయలోని మన ప్రభుత్వ పోటీపరీక్షల శిక్షణ కేంద్రానికి విచ్చేసి కరెంట్ అఫైర్స్ బోధన చేపట్టారు. బడ్జెట్ అయినా, వడ్డీ రేట్లయినా, గ్రామసభల అధికారాలయినా ఆనాటి పేపరు కత్తిరింపు చేతిలో లేనిదే క్లాసులో అడుగుపెట్టేవారు కారు. కత్తిరించగా మిగిలిన పేపరును ఎత్తిపట్టి, “దీంట్లోంచి అరకు కొండలన్నీ కనబడతన్నాయి గానీ వార్తలే కనబడ్డం లేదు” అని వారి భర్త జాకబ్ గారు మొత్తుకోవడం మనమంతా ఎరిగినదే. ద్రవ్యోల్బణం నిర్వచనాన్ని గడగడా ఒప్పజెప్పేవారిని ఆమె మెచ్చుకోగా ఎవరూ చూడలేదు. సంతరోజున అందరినీ డుంబ్రిగుడ తీసుకువెళ్లి, ఆ వారం చదివిన ఒక అంశాన్ని అక్కడ సరుకు అమ్ముకునేవారికి అర్థమయ్యేలా వివరించి రమ్మనేవారు. విన్నవాళ్లు తిరిగి ఒక ప్రశ్న అడిగితేనే పాసైనట్టు. ఆ ప్రశ్నకు జవాబు తెలియక బిక్కమొహం వేసుకుని వచ్చినవాళ్లను చూస్తే మేడంకు మహా సంబరం.

ఈ పద్ధతే ఒకసారి ఆమె మెడకు చుట్టుకుంది. మూడేళ్ల కిందట వేసవి మొదట్లో నీలవేణి అనే అభ్యర్థి, అటవీ ఉత్పత్తులకు కనీస మద్దతు ధర అనే అంశాన్ని చింతపండు అమ్ముతున్న కిల్లో బుదరమ్మకు వివరించింది. ప్రభుత్వం ధర నిర్ణయించి కొంటుందని ముచ్చటగా చెప్పింది. చెప్పినదాంట్లో తప్పేమీ లేదు. అయితే బుదరమ్మ ఊరివాళ్లకు సంతలో పదిమంది ముందు అన్న మాటంటే బేరం కుదిరినట్టే. మళ్లీ అడిగి ఖాయం చేసుకోవడమంటే ఎదుటి మనిషిని అనుమానించడమేనని వారి పట్టింపు. అందుకే మరుసటి వారం ఆ ఊరి ఆడవాళ్లంతా ఏటా కొనే షావుకారును కాదని, చింతపండు బస్తాలన్నీ జీపుకెక్కించి తిన్నగా మన కేంద్రం గేటు ముందు దింపారు.

“ఏంటమ్మా ఇది?” అన్నారు మేడం.

“కొంతారని మీ గుంట సెప్పింది గదేటి, తెచ్చినాం. బేగి తూకమెయ్యండి, జీపు ఎలిపోద్ది” అంది బుదరమ్మ.

పైన మబ్బు కమ్ముతోంది. తడిస్తే చింతపండు నల్లబడి ఎందుకూ పనికిరాదు. అలిగిన షావుకారు ఇక ఆ ఊరి గడప తొక్కనని చెప్పేశాడు. ఒక ఊరి ఆడవాళ్ల ఏడాది కష్టం అలా మన గేటు బయట ఆకాశం కింద పడి ఉంది. లోపల హాస్టల్ గదిలో నీలవేణి ఏడుస్తూ పెట్టె సర్దుకుంటోంది.

“అబద్ధం సెప్పినట్టయిపోనాది మేడం. ఇంటికెల్లిపోతాను. నాకీ పరీక్షలొద్దు.”

“వెళ్లిపోతే అబద్ధమే అవుతుంది. నిలబడితే ఆలస్యమవుతుంది, అంతే. లే, రా” అని మేడం ఆమె చెయ్యి పట్టుకుని గేటు దగ్గరకు తీసుకువచ్చారు. బస్తాల పక్కన నేల మీదే కూర్చుని, “పిల్ల చెప్పింది నిజమే బుదరమ్మా. కానీ ఎవరు కొంటారో, ఏ రోజు కొంటారో కూడా చెప్పాలని నేను దానికి నేర్పలేదు. తప్పు నాది” అన్నారు.

బుదరమ్మ ఆమెను ఎగాదిగా చూసి, “తప్పు నీదయితే తడవకుండా సూడు మరి” అంది.

అంతే, క్లాసు గదిలోని బల్లలన్నీ వసారాలోకి వచ్చాయి, బస్తాలన్నీ గదిలోకి వెళ్లాయి. చివరి బస్తా లోపలికి చేరుతుండగా వాన దబదబా కురిసింది. మద్దతు ధరకు సరుకు కొనే ప్రభుత్వ డిపో మేనేజరు శివప్రసాద్ గారికి నీలవేణి చేతే ఫోను చేయించారు. కొనడానికి ఇంకా ఆదేశాలు రాలేదన్నారాయన. మేడం ఫోను అందుకుని, “ఆ ముక్క నాకు కాదండీ, తెచ్చినవాళ్లకు వచ్చి చెప్పండి” అన్నారు. పాపం, ఆయన వచ్చారు. బుదరమ్మ ఆయనకు మర్యాదగా ఒక బస్తా చూపించి కూర్చోమని, “ఏ రోజు?” అని ఒకే మాట అడిగింది. ఆయన అక్కడ నుంచే పైఅధికారులకు ఫోన్ల మీద ఫోన్లు చేసి, చిట్టచివరకు సోమవారం అన్నారు. సోమవారం మద్దతు ధరకే తూకం జరిగింది. అప్పటిదాకా ఫెడరల్ వ్యవస్థ, పంచాయతీరాజ్ పాఠాలన్నీ వసారాలోనే సాగాయి. చీమలు మాత్రం ఆ తరువాత కూడా చాలా రోజులు మన పుస్తకాలను వదల్లేదు.

ఆనాటి నుంచి ఏ పథకం గురించి చెప్పినా ఎవరు, ఎక్కడ, ఎప్పుడు అన్నది చెప్పనిదే మేడం ఎవరినీ కూర్చోనిచ్చేవారు కారు. తాను మాట ఇచ్చినా తేదీ వేసే ఇచ్చేవారు. నీలవేణి గ్రూప్-2లో ఎంపికై ఇప్పుడు సీతంపేటలో ఉద్యోగం చేస్తోంది. ఆమె పేరెత్తితే మేడం కళ్లలో కనిపించే గర్వాన్ని దాచడం వారి తరం కాదు.

ఈ జూన్ 30వ తేదీన మేడం పదవీ విరమణ చేస్తున్నారని తెలిసి మొన్న బుదరమ్మ కేంద్రానికి వచ్చింది. “రిటైరంటే ఏటి?” అని అడిగింది.

“ఇంక గవర్నమెంటుకు నా పని అక్కర్లేదన్నమాట.”

“దానికక్కర్లేపోతే మాకక్కర్లేదేటి? మా ఊరి గుంటలకి సదువు సెప్పవా? మా ఊరొచ్చీ.”

మేడంకు కళ్లు చెమర్చాయి. చూద్దాంలే అనలేదు. “జూలై మొదటి శుక్రవారం, పొద్దున్న బస్సుకి. నేనే వస్తాను” అన్నారు.

“ఎన్నాల్లుంటావు?” అంది బుదరమ్మ.

అన్నిటికీ తేదీ చెప్పే మా సుజానా మేడం ఆ ఒక్క ప్రశ్నకు తేదీ చెప్పలేక ఆమె చెయ్యి పట్టుకుని నిలబడిపోయారు. ఆ తేదీ ఎవరికీ తెలియనంత దూరాన ఉండాలని, జాకబ్ గారి సాహచర్యంలో సంపూర్ణ ఆరోగ్యంతో, నిండు ఆయుష్షుతో ఆమె ఆ కొండ బస్సు ఎక్కుతూనే ఉండాలని సహోద్యోగులమందరం మనసారా కోరుకుంటున్నాం.